వార్డు ఇన్‌ఛార్జి తన తప్పును ఎలా మోయాలి?

మీరు రాసిన దాన్ని నాకు అర్థమైనంతలో ముందు ఒకసారి చెప్పుకుంటాను. ఆరు నెలల క్రితం మీరు ముప్పై మంచాల మగవారి మెడికల్ వార్డుకు ఇన్‌ఛార్జి అయ్యారు. ఒక రాత్రి ముగ్గురు ఉండవలసిన చోట డ్యూటీ లిస్టులో ఇద్దరినే వేశారు. ఆ ఇద్దరిలో ఒకరు ఉద్యోగంలో చేరి మూడు నెలలైనా నిండని అమ్మాయి. తెల్లవారుజామున ఆరో బెడ్డు రోగికి ఇవ్వవలసిన, ఒంట్లో నీరు తగ్గించే ఫ్రూసెమైడ్ ఇంజెక్షన్‌ను ఆమె తొమ్మిదో బెడ్డు రోగికి ఇచ్చింది. అదృష్టవశాత్తు ఆయనకు ఏమీ కాలేదు. కానీ ఆ అమ్మాయికి మెమో వచ్చింది, ఆమె సెలవు పెట్టి ఊరికి వెళ్ళిపోయింది. లిస్టు వేసింది నేను కాబట్టి తప్పు నాదేనని మీరు ఆరు వారాలుగా సరిగా నిద్రపోవడం లేదు. వార్డులో మాత్రం చిన్నదానికీ పెద్దదానికీ అందరి మీదా అరుస్తున్నారు. ‘నీ మీద నువ్వు కాస్త దయ చూపించుకో’ అని ఒక సీనియర్ సిస్టర్ చెబితే ఆ మాట మీకు మింగుడు పడలేదు. తనను తాను క్షమించుకునే ఇన్‌ఛార్జి చేతిలో వార్డు పట్టు తప్పదా, అది బాధ్యత నుంచి తప్పించుకోవడం కాదా అని అడిగారు.

కాదనే చెబుతాను. ఇరవై ఏడేళ్ళు ప్రభుత్వ ఆసుపత్రులలోనూ ప్రైవేటు ఆసుపత్రులలోనూ పనిచేసి, అందులో పదహారేళ్ళు వార్డు ఇన్‌ఛార్జిగా, ఆ తరువాత నర్సింగ్ సూపరింటెండెంటుగా ఉన్న అనుభవంతో ఈ మాట అంటున్నాను. తన తప్పు వైపు కన్నెత్తి చూడలేని ఇన్‌ఛార్జి దగ్గర ఎవరూ తమ తప్పు ఒప్పుకోరు. ఒప్పుకోని తప్పు ఆగిపోదు, అది మళ్ళీ ఏదో ఒక రాత్రి మరో రోగి దగ్గరకు వస్తుంది. అందుచేత మీ సీనియర్ చెప్పిన దయ మీ మనశ్శాంతి కోసం మాత్రమే అనుకోవద్దు. అది మీ వార్డులోని రోగుల భద్రతకు సంబంధించినది.

నా వార్డులో జరిగిన ఒక సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే మీరు ఇప్పుడు నిలబడిన చోటనే నేనూ ఒకప్పుడు నిలబడ్డాను. నేను ఇన్‌ఛార్జి అయిన రెండో ఏడాది అది. మా వార్డులో రోజూ వాడే ఇన్సులిన్ వయల్, అంటే చిన్న మందు సీసా, మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత ఉన్న సిరంజి వాడతాం. ఆ నెలలో ఒక రోగికి డాక్టరుగారు వేరే రకం ఇన్సులిన్ రాయడంతో మిల్లీలీటరుకు 100 యూనిట్ల వయల్, దానికి సరిపడే నారింజ రంగు మూత సిరంజీలు కూడా స్టోరు నుంచి వచ్చాయి. వాటిని వేరే ట్రేలో పెట్టి, చీటీ అంటించి, డ్యూటీ మారేటప్పుడు పని అప్పగించే హ్యాండ్ ఓవర్ సమయంలో అందరికీ చెప్పవలసింది నేను. ఆ రోజు రెండు డిశ్చార్జిలు, మూడు కొత్త అడ్మిషన్లు ఉండడంతో అన్నిటినీ ఫ్రిజ్ పక్కనున్న ఒకే ట్రేలో పెట్టించి, సాయంత్రం సర్దుదాంలే అనుకున్నాను. సాయంత్రం మరిచిపోయాను.

మర్నాడు ఉదయం ఏడున్నరకు, ఇరవై యూనిట్లు ఇవ్వవలసిన ఆ రోగికి ఒక స్టాఫ్ నర్సు 100 యూనిట్ల వయల్‌లో నుంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత వరకు మందు తీసింది. ఆ సిరంజిలో 20 గీత అంటే అర మిల్లీలీటరు. 40 యూనిట్ల మందు అయితే అది సరిగ్గా ఇరవై యూనిట్లే. 100 యూనిట్ల మందు కావడంతో రోగి ఒంట్లోకి యాభై యూనిట్లు వెళ్ళాయి. తొమ్మిది గంటలకు ఆయన దుప్పటి తడిసిపోయేలా చెమటలు పట్టాయి, మాట ముద్దగా వచ్చింది, భార్య పేరు అడిగితే చెప్పలేకపోయాడు. గ్లూకోమీటరులో చూస్తే షుగర్ 38కి పడిపోయి ఉంది. 25 శాతం డెక్స్ట్రోజ్ (గ్లూకోజ్) వంద మిల్లీలీటర్లు ఎక్కించాక మెల్లగా కళ్ళు తెరిచి ‘ఏమైందమ్మా’ అని అడిగాడు. ఆ మాట వినిపించేవరకు ఆయన మంచం చుట్టూ నిలబడిన మాలో ఎవరికీ ఊపిరి ఆడలేదు.

ఆ తరువాత నేను చేసినది ఇప్పటికీ నాకు గుర్తుంది. ఆ స్టాఫ్ నర్సును వరండాలోకి పిలిచి, రోగుల బంధువులు వింటూ ఉండగానే, అసలు ఎక్కడ చదువుకున్నావు, సిరంజి మీద రాసినది చదవడం కూడా రాదా అని గట్టిగా అరిచాను. అరుస్తున్నంతసేపూ నా కళ్ళ ముందు ఆ ట్రే కనిపిస్తూనే ఉంది. ఆ రాత్రి ఇంట్లో అన్నం ముందు కూర్చుని తినలేకపోయాను. ఇన్‌ఛార్జి పదవికి నేను తగను, ఒక మనిషిని చంపబోయాను, నాకు ఈ యూనిఫాం ఎందుకు అని నన్ను నేను తిట్టుకుంటూ చాలా రాత్రులు గడిపాను. అయితే ఇక్కడొక విషయం మీరు గమనించాలి. అంతగా తిట్టుకున్న నేను, ఆ ట్రే అలా పెట్టించింది నేనేనని నెల రోజుల పాటు ఎవ్వరికీ చెప్పలేదు. తిట్టుకోవడం నన్ను బాధ్యత వైపు ఒక్క అడుగు కూడా నడిపించలేదు. పైగా నా తప్పు పేరు ఎత్తడానికే భయపడేటట్టు చేసింది.

నెల తరువాత ఒక రోగి లాకరులో యాంటిబయాటిక్ వయల్ ఒకటి లెక్కకు మించి మిగిలింది. కేస్ షీటులో రాత్రి రెండు గంటల డోసు ఇచ్చినట్టు టిక్కు ఉంది, సంతకం ఉంది. వయల్ మాత్రం అక్కడే ఉంది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది అదే స్టాఫ్ నర్సు. నేను ఏమీ అనకముందే ఆమె ఏడ్చేసి, మరిచిపోయాను మేడమ్, తెల్లవారాక గుర్తొచ్చింది, చెబితే మీరు నన్ను బతకనివ్వరనిపించి టిక్కు పెట్టేశాను అంది. ఆ మాట విన్నాక నాకు కాళ్ళు వణికాయి. తప్పుడు టిక్కు పెట్టడం ఆమె నేరమే, అందులో సందేహం లేదు. కానీ ఆ టిక్కు పెట్టించిన భయాన్ని వార్డులోకి తెచ్చినది నేను.

ఆ సాయంత్రం ఒకప్పుడు మా నర్సులందరికీ పైఅధికారి అయిన పాత మేట్రన్ గారి ఇంటికి వెళ్ళి జరిగినదంతా, ట్రే సంగతితో సహా చెప్పాను. ఆవిడ మొత్తం విని ఒకటే అడిగారు: ‘ఇదే పని నీ సొంత చెల్లెలు చేసి వచ్చి నీ ముందు కూర్చుంటే ఏమంటావు?’ నేను ఆలోచించుకోకుండానే జవాబు చెప్పాను. ముందు కాస్త అన్నం తిను, తరువాత ఇద్దరం కలిసి ఆ ట్రే సర్దే పద్ధతి రాద్దాం, రేపు పొద్దున్నే వెళ్ళి డాక్టరుగారికీ సూపరింటెండెంటుగారికీ ఉన్నదున్నట్టు చెప్పు, నేను కూడా వస్తాను అంటానన్నాను. ఆవిడ ‘అయితే అది నీకు నువ్వు చెప్పుకోవడానికేమిటి అడ్డం’ అన్నారు. మరుసటి రోజు నేను చెప్పాను. ఇంతకుముందు చెప్పలేకపోయిన మాట, చెల్లెలితో మాట్లాడినట్టు నాతో నేను మాట్లాడుకున్న పన్నెండు గంటలలోపే నోటి నుంచి వచ్చింది.

చెల్లెలికి చెప్పిన ఆ జవాబులో ఏమేమి ఉన్నాయో మరొకసారి చూడండి. తిండి ఉంది, ట్రే సర్దే పని ఉంది, పైవారికి నిజం చెప్పడం ఉంది. పోనీలే, ఏం ఫర్వాలేదు అన్న మాట మాత్రం అందులో లేదు. మీరు భయపడుతున్నది ఆ లేని మాట గురించే అని నాకు అనిపిస్తోంది.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనినే స్వీయ కరుణ అంటున్నారు. అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో పనిచేసే క్రిస్టిన్ నెఫ్ 2003లో దీనికి ఒక స్పష్టమైన నిర్వచనం ఇచ్చి, కొలవడానికి 26 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. ఆమె చెప్పిన అంశాలు మూడు. కష్టంలో ఉన్నప్పుడు తనను తాను కఠినంగా తూర్పారబట్టకుండా ఆదరంగా చూసుకోవడం మొదటిది. పొరపాటు పడడం మనుషులందరికీ ఉన్నదేనని, తాను ఒక్కతే వెలివేయదగినది కాదని గుర్తుంచుకోవడం రెండవది. జరిగినదాన్ని తగ్గించకుండా, పెంచకుండా, ఉన్నదున్నట్టు చూడడం మూడవది. బౌద్ధ ధ్యాన సంప్రదాయంలో మైత్రీ భావనను, అంటే మేలు కోరే ధ్యానాన్ని, తనతో మొదలుపెట్టి ఇతరులకు విస్తరించే పద్ధతి ఉంది. నెఫ్ ఆలోచనకు మూలం అక్కడే ఉంది.

ఈ మూడింటిలో వార్డు ఇన్‌ఛార్జికి అన్నిటికంటే అక్కరకు వచ్చేది మూడవదని నా అభిప్రాయం, దాని గురించే అందరూ తక్కువగా మాట్లాడతారు. మీ విషయమే తీసుకుందాం. ‘నేను ఇన్‌ఛార్జిగా పనికిరాను’ అన్న వాక్యంలో సరిదిద్దుకోవడానికి ఏమీ లేదు. ఆ వాక్యం పట్టుకుని ఎవరూ రేపటి డ్యూటీ లిస్టును మార్చలేరు. ‘పదిహేడో తేదీ రాత్రికి సెలవు అడిగినామె స్థానంలో వేరొకరిని వేయకుండా, కొత్త అమ్మాయిని సీనియర్ లేకుండా ఒక వైపు మొత్తానికి బాధ్యురాలిని చేశాను’ అన్న వాక్యంలో మాత్రం పని కనిపిస్తుంది. తేదీ నేను ఊహించి రాశాను, మీ తేదీ మీరు వేసుకోండి. మొదటి వాక్యం పెద్దదిగా, నిజాయితీగా ధ్వనిస్తుంది, కానీ నిజానికి అది తప్పును పొగమంచులో కలిపేస్తుంది. రెండవది చిన్నది, అది రాయాలంటే లోపల కొంత స్థిమితం కావాలి. ఆ స్థిమితాన్నే నేను దయ అంటున్నాను.

మీ ప్రధాన సందేహం, అంటే తన మీద దయ చూపించుకున్నవారు బద్ధకిస్తారేమోనన్నది, పరిశోధకులకూ వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో జూలియానా బ్రైన్స్, సెరెనా చెన్ ఈ ప్రశ్న మీద చేసిన ప్రయోగాలను 2012లో ప్రచురించారు. ఒక దానిలో విద్యార్థులకు చాలా కష్టమైన పదజాల పరీక్ష పెట్టారు. తరువాత ఒక గుంపుకు, ఇటువంటి పరీక్షలో తడబడడం మామూలే, మీ మీద మీరు మరీ కఠినంగా ఉండకండి అని చెప్పారు. మరొక గుంపుకు మీరు తెలివైనవారు కాబట్టే ఇక్కడికి వచ్చారని ఆత్మగౌరవం పెంచే మాట చెప్పారు. మూడో గుంపుకు ఏమీ చెప్పలేదు. రెండో పరీక్షకు ముందు ఎంతసేపు కావాలంటే అంతసేపు చదువుకోమన్నప్పుడు ఎక్కువసేపు చదివినది మొదటి గుంపు. అదే అధ్యయనంలోని మరో ప్రయోగంలో, తాము చేసి బాధపడుతున్న ఒక తప్పును గుర్తు చేసుకోమన్నారు; దాని గురించి తమ పట్ల కరుణతో రాసినవారిలోనే ఆ తప్పును సరిదిద్దుకోవాలన్న, మళ్ళీ చేయకూడదన్న పట్టుదల ఎక్కువగా కనిపించింది. ప్రయోగశాలలో విద్యార్థుల మీద జరిగినదాన్ని యథాతథంగా నైట్ డ్యూటీకి అన్వయించలేమన్నది నిజమే. అయినా నా ట్రే కథకు అది ఎంత దగ్గరగా ఉందో చూడండి.

నాయకత్వంలో ఉన్నవారి మీద నేరుగా జరిగిన పని కూడా ఉంది. క్లోడియానా లనాజ్, ఆమె సహ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో, తమ నాయకత్వ బాధ్యత గురించి ఉదయం కాసేపు స్వీయ కరుణతో ఆలోచించి రాసుకున్న రోజులలో మేనేజర్లు తోటివారికి పనిలోనూ సొంత ఇబ్బందులలోనూ ఎక్కువగా సాయపడినట్టు తేలింది. తన మీద దయ అంటే స్వార్థం అనుకునేవారికి నేను ఈ సంగతే చెబుతూ ఉంటాను.

ఇక మీరు మీ వార్డులో అరుస్తున్న అరుపుల దగ్గరకు వస్తాను. ఇది రాయడం మీకు కష్టంగా ఉండి ఉంటుందని తెలుసు, అయినా మీరు నిజాయితీగా రాశారు కాబట్టి నేనూ దాచకుండా చెబుతాను. ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1990లలో అమెరికాలో రెండు ఆసుపత్రుల నర్సింగ్ యూనిట్లలో మందుల పొరపాట్లను పరిశీలించారు. మంచి జట్టు ఉన్న యూనిట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అనుకున్నారు. లెక్క చూస్తే మంచి నాయకత్వం ఉన్న యూనిట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదై ఉన్నాయి. కారణం వెతికితే తేలినది ఏమిటంటే, ఆ యూనిట్లలో నర్సులు పొరపాట్లను బయటకు చెబుతున్నారు. మిగిలిన చోట్ల దాచేస్తున్నారు. మీ వార్డులో ఈ ఆరు వారాలలో పొరపాట్లను రాసి ఇచ్చే ఇన్సిడెంట్ రిపోర్టులు ఎన్ని వచ్చాయో ఒకసారి తీసి చూడండి. ఒక్కటీ రాకపోతే దాన్ని మంచి వార్తగా తీసుకోవద్దు. ముప్పై మంచాల వార్డులో ఆరు వారాలపాటు ఒక్క డోసు కూడా ఆలస్యం కాకపోవడం, ఒక్క రోగి కూడా జారకపోవడం, సెలైన్ కోసం పెట్టిన కాన్యులా దగ్గర ఒక్క చేయి కూడా వాచకపోవడం నా సర్వీసు మొత్తంలో నేను చూడలేదు.

మనం మన మీద వాడే మాటలే మన నోటి వెంట ఇతరుల మీదకూ వస్తాయి. రాత్రంతా ‘నీకు బుద్ధి లేదా’ అని తనను తాను అడుగుకున్న మనిషి పొద్దున్నే హ్యాండ్ ఓవర్‌లో ఎదుటివారిని అదే అడుగుతుంది. నేను ఆ వరండాలో అరిచిన మాటలు ఆ అమ్మాయి కోసం తయారైనవి కావు. అవి నా కోసం నేను సిద్ధం చేసుకున్నవి.

నర్సింగ్ వృత్తిలో ఈ కాఠిన్యం మరింత లోతుగా పాతుకుపోవడానికి ఒక కారణం ఉంది. మొదటి రోజు నుంచీ మనకు త్యాగమే నేర్పుతారు. తిండి మానేసి పనిచేసినామెను మెచ్చుకుంటారు, జ్వరంతో వచ్చి డ్యూటీ చేసినామెను అందరి ముందూ పొగుడుతారు. ఇన్‌ఛార్జి అయ్యాక అది ఇంకా ముదురుతుంది. డ్యూటీ రిజిస్టరులో ఖాళీ గడి కనిపిస్తే అందులో మన పేరే రాసేసుకుంటాం. నా పాత రిజిస్టర్లు ఒకసారి తిరగేస్తే, ఒక నెలలో వరుసగా పంతొమ్మిది రోజులు వారాంతపు సెలవు లేకుండా నా పేరు ఉంది. ఆ నెల లిస్టులోనే నేను ఇద్దరు కొత్తవారిని ఒకే రాత్రికి వేశాను. అలసిపోయిన బుర్రతో వేసిన లిస్టు అలాగే ఉంటుంది. ఇన్‌ఛార్జి తన వీక్లీ ఆఫ్ తాను తీసుకోవడం విలాసమని చాలామంది అనుకుంటారు, నేను అలా అనుకోను. పైగా, మీరు ఆఫ్ తీసుకోకపోతే మీ కింద పనిచేసే అమ్మాయిలు ఆఫ్ అడగడానికి జంకుతారు, జ్వరాన్ని దాచుకుని వస్తారు. మీరు ఈ వారం చేయవలసిన మొదటి పని, రిజిస్టరులో మీ ఆఫ్ ముందు రాసి, తరువాత మిగిలిన గడులు నింపడం.

నిద్ర విషయం కూడా తేలికగా తీసుకోవద్దు. వైద్యంలో పొరపాటు జరిగినప్పుడు మొదటి బాధితుడు రోగి; ఆ పొరపాటు చేసిన వైద్యుడో నర్సో కూడా లోలోపల కుంగిపోతారని, వారిని ‘రెండవ బాధితులు’ అనాలని ఆల్బర్ట్ వూ అనే వైద్యుడు 2000 సంవత్సరంలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అంటే మీకు కలుగుతున్నది మీ ఒక్కరి బలహీనత కాదు, అది పేరు పెట్టి గుర్తించిన స్థితి. ఆరు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే, ఆ రాత్రి దృశ్యాలు పదే పదే వస్తూ ఉంటే, లేదా బతకడం ఎందుకనే ఆలోచన ఒక్కసారైనా వచ్చి ఉంటే, ఈ జవాబు చదవడంతో ఆగవద్దు. ఒక మానసిక వైద్యుణ్ణి కలవండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ అయిన టెలి మానస్‌లో ఉచితంగా మాట్లాడవచ్చు, తెలుగులో కూడా మాట్లాడతారు. మీరు ఎందరినో డాక్టరు దగ్గరకు పంపినవారు. మీరు వెళ్ళడంలో చిన్నతనం ఏమీ లేదు.

ఆల్బర్ట్ వూ వ్యాసం వచ్చిన అదే సంచికలో జేమ్స్ రీజన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పొరపాట్ల మీద మరో ప్రసిద్ధ వ్యాసం రాశారు. ఒక హాని జరగాలంటే అనేక రక్షణ పొరలలోని రంధ్రాలు ఒకే వరుసలోకి రావాలి, చివరి మనిషిని మాత్రమే శిక్షిస్తే రంధ్రాలు అలాగే ఉండిపోతాయి అన్నది దాని సారం. మీ రాత్రిని ఈ విధంగా విడదీసి చూడండి. ఆ అమ్మాయి రోగి చేతి పట్టీ మీద పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) సరిచూడలేదు. అది ఆమె వంతు. మీరు కొత్తామెను సీనియర్ తోడు లేకుండా వేశారు. అది మీ వంతు. మూడో మనిషి అసలు ఎందుకు దొరకలేదు? జనరల్ వార్డులో ఆరుగురు రోగులకు ఒక నర్సు ఉండాలని కేంద్ర ఆర్థిక శాఖలోని స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ లెక్క. మీరు చెప్పిన ముప్పై మంచాలకు ఆ రాత్రి ఉన్నది ఇద్దరే, లిస్టులో మూడో ఆమెను కూడా వేసి ఉన్నా ముగ్గురే. ఈ వంతు యాజమాన్యానిది. తన వంతు చూసి తట్టుకోలేని మనిషి రెండింటిలో ఒకటి చేస్తుంది: మొత్తం తప్పు కిందివారి మీద వేస్తుంది, లేకపోతే మొత్తం తన నెత్తిన వేసుకుంటుంది. రెండవది గొప్ప గుణంలా కనిపిస్తుంది గానీ దానివల్ల యాజమాన్యం వంతు కనుమరుగైపోతుంది. మీరు మొత్తం మీ మీద వేసుకున్నందువల్లనే, నర్సుల కొరత గురించి ఈ ఆరు వారాలలో మీరు పైకి ఒక్క కాగితం కూడా రాయలేదు. ఆ కాగితం రాయండి. రోజుకు ఎన్ని మంచాలు నిండాయో, రాత్రికి ఎంతమంది ఉన్నారో మూడు నెలల లెక్క వేసి, భావావేశం లేకుండా ఒక పేజీలో రాసి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.

తొమ్మిదో బెడ్డు రోగికి గానీ ఆయన ఇంటివారికి గానీ జరిగినది ఎవరైనా చెప్పారా అన్నది మీ ప్రశ్నలో లేదు. చెప్పకపోతే చికిత్స చేస్తున్న డాక్టరుగారితో మాట్లాడి ఆ పని జరిగేటట్టు చూడండి. మన దయ మొదట ఆయనకు చెందాలి. ఆ పని మిగిలి ఉన్నంతకాలం మీరు మీకు చెప్పుకునే ఓదార్పు మాటలు మీకే నమ్మబుద్ధి కావు.

దయ ఉన్నచోట చర్య ఉండదనుకోవడం పొరపాటని కూడా చెప్పాలి. రెండుసార్లు నేర్పించి, పక్కన నిలబడి చూపించిన తరువాత కూడా చేతి పట్టీ చూడకుండానే మందు ఇచ్చేవారి మీద నేను చర్య తీసుకున్నాను, ఒకరిని మందులు ఇచ్చే పని నుంచి కొన్ని వారాలు తప్పించాను. అది కోపంతో చేయలేదు కాబట్టి ఆమె నాతో మాట్లాడడం మానలేదు.

రోజువారీ పనిలో దీన్ని ఎలా పెట్టుకోవాలో నేను చేసిన విధంగా చెబుతాను. డ్యూటీ అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో అయిదు నిమిషాలు కూర్చుని, ఆ రోజు నా వల్ల తప్పినది ఒక్కటి ఒకే వాక్యంలో, విశేషణాలు లేకుండా చిన్న పుస్తకంలో రాసేదాన్ని. దాని కింద, ఇదే నా చెల్లెలు చేసి ఉంటే ఏమి చెబుతానో రాసేదాన్ని. దాని కింద రేపు మారవలసిన ఒక పని. మొదటి వారం రెండో వాక్యం నాకు రాలేదు, పెన్ను పట్టుకుని అలాగే కూర్చునేదాన్ని. బలవంతంగా రాసిన మంచి మాట అబద్ధంలా అనిపించేది. మీకూ అలాగే అనిపించవచ్చు. అప్పుడు మంచి మాట కోసం వెతకకుండా, ‘ఇవాళ పద్నాలుగు గంటలు నిలబడ్డావు, కాళ్ళు వాచాయి’ అని ఉన్న నిజమే రాయండి. నాకు అది పనిచేసింది.

కొన్నాళ్ళకు ఆ పుస్తకంలోని మొదటి వాక్యాన్ని నేను ఉదయం హ్యాండ్ ఓవర్‌లో అందరి ముందూ చదవడం మొదలుపెట్టాను. నిన్న ఫలానా రోగి పొటాషియం రిపోర్టు వచ్చిన సంగతి నేను డాక్టరుగారికి రెండు గంటలు ఆలస్యంగా చెప్పాను, ఇకనుంచి రిపోర్టు రాగానే బోర్డు మీద రాద్దాం అన్నాను. మొదటి పదిరోజులు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. పదకొండో రోజున అందరికంటే చిన్నామె, నేను కూడా ఒకటి చెప్పాలి మేడమ్ అంది. ఆమె చెప్పినది చిన్న విషయమే, ఒక డ్రిప్ అనుకున్నదానికంటే వేగంగా వెళ్ళిపోయింది. నేను ‘చెప్పినందుకు మంచిదమ్మా, రోగి ఎలా ఉన్నాడు’ అని అడిగాను. ఆ ప్రశ్న ఎప్పుడూ ముందు రావాలి. తరువాత ఇద్దరం వెళ్ళి ఆ డ్రిప్ స్టాండ్ ఎక్కడ ఉందో చూశాం. నర్సుల బల్ల దగ్గర నుంచి అది కనిపించని మూలలో ఉంది. మంచం జరిపించాం.

ఆ అమ్మాయి సోమవారం సెలవు ముగించుకుని వస్తోందని, ఆమెకు ముఖం ఎలా చూపించాలో తెలియడం లేదని చివర రాశారు. సోమవారం ఆమెను ఆఫీసు గదికి పిలిపించవద్దు. మెమో అందుకున్న మనిషికి ఆ గది తలుపు చూస్తేనే గుండె దడ వస్తుంది. పొద్దున్న పావుగంట ముందు వెళ్ళి, వార్డు పాంట్రీలో ఇద్దరికీ టీ పోయించండి. ఆరోగ్యం, ప్రయాణం గురించి రెండు మాటలు అడిగాక, ఆ రాత్రి లిస్టు వేయడంలో నా పొరపాటు ఇది అని మీ వంతు ఒకే వాక్యంలో చెప్పండి. అక్కడ ఆగండి. ఏడవకండి, మిమ్మల్ని ఓదార్చే భారం ఆమె మీద పడకూడదు. మెమోకు ఆమె ఇవ్వవలసిన జవాబుతో పాటు, డ్యూటీ లిస్టు గురించి మీ సంతకంతో మీరు ఇచ్చే వివరణ కూడా జతచేస్తున్నానని చెప్పి, ఆ కాగితం ఆమె చేతికి ఇవ్వండి. తరువాత ఆమెను వెంటబెట్టుకుని మందుల ట్రాలీ దగ్గరకు వెళ్ళి, మొదటి రౌండు ఇద్దరూ కలిసి చేయండి: పేరు ఆమె అడుగుతుంది, చేతి పట్టీ మీరు చదువుతారు, తరువాతి మంచం దగ్గర పేరు మీరు అడగండి, పట్టీ ఆమె చదువుతుంది. తొమ్మిదో బెడ్డు దగ్గరకు వచ్చినప్పుడు ఆమె చేయి వణకవచ్చు. తొందరపెట్టకండి. ఆ ఒక్క బెడ్డు దగ్గర మీకు ఎంతసేపు పట్టినా ఫర్వాలేదు.